ఉప్పు అందరి ఇంటికీ వెళ్తుంది

ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 ఊళ్లలో 2003 అక్టోబరు నుంచి ఏడాది పాటు ఒక లెక్క తీశారు. ఊళ్లో ఎవరైనా చనిపోతే, ఆ తర్వాత ఆరోగ్య కార్యకర్త ఆ ఇంటికి వెళ్లి అయినవాళ్లను చివరి రోజుల గురించి అడిగేవారు. గుండెల్లో నొప్పి వచ్చిందా, ఎంతసేపు ఉంది? కాలూ చెయ్యీ పడిపోయాయా? మాట పోయిందా? జ్వరం ఎన్నాళ్లుంది? ఆ జవాబులు రాసి పంపితే డాక్టర్లు చదివి మరణానికి కారణం ఏమై ఉంటుందో తేల్చేవారు. పల్లెల్లో చాలా చావులకు డాక్టరు ఇచ్చిన కాగితమేదీ ఉండదు. అలాంటి చోట ఎవరు దేనివల్ల పోతున్నారో తెలుసుకోవడానికి ఇదొక్కటే దారి.

ఆ ఊళ్ల జనాభా దాదాపు 1 లక్షా 80 వేలు. ఏడాది చివర లెక్క చూస్తే, ప్రతి 100 మరణాల్లో 32 గుండె జబ్బులూ పక్షవాతాల వల్లే. అంటువ్యాధుల వాటా 12 దగ్గర ఆగింది. 2006లో ఈ ఫలితాలు అచ్చయ్యాక చాలామంది ఉలిక్కిపడ్డారు. గుండెపోటు పట్నం జబ్బు, కార్లలో తిరిగేవాళ్ల జబ్బు అనీ, పల్లెలో జనం పోయేది జ్వరాలూ విరేచనాలూ క్షయతోననీ అప్పటివరకూ గట్టి నమ్మకం. గోదావరి డెల్టా మరీ వెనకబడిన ప్రాంతం కాదన్న మాట నిజమే. అయినా అక్కడ చనిపోయినవాళ్లలో కౌలు రైతులూ కూలీలూ ఉన్నారు. వాళ్ల ప్రాణాలు తీసినవి 'సంపన్నుల జబ్బులు' అనుకున్నవే.

ఆ తర్వాత ఈ మాట దేశమంతటా రుజువవుతూ వచ్చింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పెద్దవాళ్లయిన ఆడవాళ్లలో సుమారు నాలుగో వంతుకి, మగవాళ్లలో ఇంచుమించు పదిమందిలో ముగ్గురికి రక్తపోటు ఎక్కువగా ఉంది, లేదా దానికి మందు వాడుతున్నారు. ఇంతమందికి వచ్చే జబ్బును ఒక్కొక్కరినీ పట్టుకుని, ఒక్కొక్కరికీ బుద్ధి చెప్పి ఆపగలమా? ఆపలేమనే నా నమ్మకం. పైగా అలా ఆపబోతే ఉన్నవాడికీ లేనివాడికీ మధ్య ఆరోగ్యంలో ఉన్న తేడా ఇంకా పెరుగుతుంది. ఎందుకో చెప్పడానికి ముందు కొంచెం దూరం వెళ్లిరావాలి.

దక్షిణ వేల్స్‌లో గ్లిన్‌కోరుగ్ అనే బొగ్గుగనుల ఊరుంది. 1960ల మొదట్లో జూలియన్ ట్యూడర్ హార్ట్ అనే డాక్టరు అక్కడ వైద్యం మొదలుపెట్టాడు. అప్పట్లో తలనొప్పో కళ్లు తిరగడమో ఉందని రోగి వస్తేనే బీపీ చూసేవారు. హార్ట్ అలా కాకుండా తన ఊళ్లో పెద్దవాళ్లందరికీ బీపీ చూడాలని పట్టుబట్టాడు. రక్తపోటు ఏ బాధా పెట్టకుండా ఏళ్ల తరబడి లోపల నష్టం చేసుకుపోతుంది. అందుకే జబ్బు పడ్డాక వచ్చేవాళ్ల కోసం ఎదురుచూడటం వైద్యం కాదని ఆయన వాదించాడు. పాతికేళ్ల తర్వాత చూస్తే, పొరుగునే ఉన్న అలాంటి గనుల ఊరి కంటే ఈ ఊళ్లో అకాల మరణాలు తక్కువ.

ఈ హార్ట్ 1971లో 'లాన్సెట్' పత్రికలో రాసిన వ్యాసం ప్రజారోగ్యం చదువుకునే ప్రతి విద్యార్థికీ తెలుసు. వైద్యం ఎక్కడ ఎక్కువ అవసరమో అక్కడ తక్కువ దొరుకుతుందనీ, అవసరం తక్కువున్న చోట దండిగా దొరుకుతుందనీ అందులో చెప్పాడు. ఇది ఆస్పత్రులకే పరిమితమైన మాట కాదు, ఆరోగ్య సలహాలకూ వర్తిస్తుంది. పొద్దున్నే నడవండి, కూరగాయలు ఎక్కువ తినండి, ఏడాదికోసారి పరీక్షలు చేయించుకోండి అని టీవీలో చెబితే ఆచరించేది ఎవరు? తీరిక, చదువు, చేతిలో డబ్బు ఉన్నవాళ్లు. వాళ్ల ఆరోగ్యం అంతకుముందే మెరుగ్గా ఉంటుంది, సలహాతో ఇంకొంచెం మెరుగవుతుంది. తెల్లవారకముందే వంట ముగించి నాట్లకు వెళ్లి, పొద్దుగూకాక తిరిగొచ్చే ఆవిడకు ఆ సలహా చేరదు. చేరినా ఆమె దాంతో చేయగలిగింది ఏమీ ఉండదు. ప్రచారం బాగా జరిగిందని అందరూ సంతోషిస్తుండగానే తేడా పెరిగిపోతుంది.

తేడా అంటే కటిక పేదరికానికీ సంపదకూ మధ్య ఉండే తేడా ఒక్కటే కాదు. లండన్ ప్రభుత్వ కార్యాలయాల్లో పనిచేసే 17 వేల మందికి పైగా మగ ఉద్యోగులను 1967 నుంచి పరిశీలించిన 'వైట్‌హాల్' అధ్యయనం ఈ సంగతి తేల్చింది. వాళ్లలో ఆకలితో ఉన్నవాడు లేడు, అందరికీ ప్రభుత్వ వైద్యం ఉచితం. అయినా అట్టడుగు హోదాలో ఉన్నవాళ్లు గుండె జబ్బుతో పోయే రేటు పై అధికారుల కంటే మూడు రెట్లకు పైగా ఉంది. మధ్య హోదాలవాళ్లు మెట్టు మెట్టుగా ఆ రెండింటి మధ్య ఉన్నారు. పొగ తాగడం, కొలెస్టరాల్, రక్తపోటు అన్నీ కలిపి లెక్కవేసినా ఆ తేడాలో సగం కూడా వివరణకు అందలేదు. మిగతాది బతుకులోనే ఉందని, పని మీద అదుపు లేకపోవడంలో, రోజువారీ ఒత్తిడిలో ఉందని ఆ అధ్యయన ఫలితాలను విశ్లేషించిన మైకేల్ మార్మాట్ తర్వాత దశాబ్దాల పాటు వాదించాడు.

ఇదే అధ్యయనంలో పనిచేసిన జెఫ్రీ రోజ్ 1985లో వేసిన ప్రశ్న ఇంకా లోతైనది. ఈ మనిషికి బీపీ ఎందుకు వచ్చింది అని అందరూ అడుగుతారు. ఈ సమాజంలో ఇంతమందికి ఎందుకు ఉంది అని ఆయన అడిగాడు. రెండింటికీ జవాబు ఒకటి కాదు. లండన్ గుమాస్తాల బీపీనీ, కెన్యా సంచార జాతుల బీపీనీ ఆయన పక్కపక్కన పెట్టి చూపించాడు. రెండుచోట్లా కొందరికి ఎక్కువ, కొందరికి తక్కువ, అధికశాతం మధ్యలో. కానీ లండన్ జనమంతా కలిసి పైకి జరిగి ఉన్నారు. లండన్‌లో ఎవరికి ఎక్కువ అన్నది వంశపారంపర్యం కావచ్చు. మొత్తం లండనే పైకి ఎందుకు జరిగిందన్నది మాత్రం అక్కడి తిండిలో, జీవనంలో వెతకాలి.

దీన్నుంచి రోజ్ తేల్చిన రెండో విషయం మొదట వినగానే మింగుడుపడదు. బీపీ బాగా ఎక్కువున్నవాళ్లకు ప్రమాదం ఎక్కువే, కానీ వాళ్లు కొద్దిమంది. బీపీ కొంచెం మాత్రమే ఎక్కువున్నవాళ్లు లెక్కలేనంతమంది. అందుకని ఊళ్లో వచ్చే పక్షవాతాల్లో చాలాభాగం ఈ రెండో గుంపులోంచే వస్తాయి. వాళ్లలో ఎవరూ రోగులుగా గుర్తింపు పొంది ఉండరు, ఎవరి చేతిలోనూ మందుచీటీ ఉండదు. అందరి బీపీనీ కొంచెం కొంచెం దించగలిగితే, కొద్దిమందికి గట్టి వైద్యం చేసిన దానికంటే ఎక్కువ ప్రాణాలు నిలబడతాయి. 'కొంచెం' అంటే ఎంత? పది లక్షల మందికి సంబంధించిన 61 అధ్యయనాలను కలిపి 2002లో ఒక బృందం లెక్కవేసింది. నడివయసులో పై బీపీ 2 పాయింట్లు తక్కువుంటే చాలు, పక్షవాతం మరణాలు సుమారు 10 శాతం, గుండెపోటు మరణాలు సుమారు 7 శాతం తక్కువుంటాయి. 2 పాయింట్లంటే ఆస్పత్రిలో ఎవరూ పట్టించుకోని తేడా.

మరి అందరి బీపీనీ ఒకేసారి దించడం ఎలా? ప్రతి ఇంటికీ, ప్రతి పూటా, అడగకుండానే చేరే వస్తువు ఏదైనా ఉండాలి. అలాంటిది మన వంటింట్లోనే ఉంది. దాన్ని ప్రజారోగ్యానికి వాడుకోవచ్చని మన దేశంలో నిరూపించిన మనిషి శ్రీకాకుళంలో పుట్టాడు.

వులిమిరి రామలింగస్వామి 1921లో పుట్టారు. విశాఖపట్నం ఆంధ్ర మెడికల్ కాలేజీలో చదివారు. తర్వాతి కాలంలో ఢిల్లీ ఎయిమ్స్‌కు డైరెక్టరు, భారత వైద్య పరిశోధన మండలికి అధిపతి అయ్యారు. 1956లో ఆయనా సహచరులూ హిమాలయాల అడుగున ఉన్న కాంగ్రా లోయకు వెళ్లారు. అక్కడ ఎవరిని చూసినా మెడ దగ్గర వాపు, గాయిటర్. మంచు కరిగి, వానలు కడిగి నేలలో అయోడిన్ లేకుండా పోయింది. నేలలో లేనిది పంటలో లేదు, పంటలో లేనిది మనిషిలో లేదు. పుట్టే పిల్లల్లో కొందరు మందబుద్ధితో, చెవుడుతో పుట్టేవారు.

రామలింగస్వామి బృందం లక్ష మందికి పైగా ఉన్న ఆ లోయను మూడు భాగాలు చేసింది. రెండు భాగాలకు అయోడిన్ కలిపిన ఉప్పు, మూడో భాగానికి మామూలు ఉప్పు పంపింది. వైద్యం పేరుతో ఎవరినీ పిలవలేదు, ఎవరికీ ఉపన్యాసం ఇవ్వలేదు. జనం ఎప్పటిలాగే దుకాణానికి వెళ్లి ఉప్పు కొనుక్కున్నారు. ఐదారేళ్లకు అయోడిన్ ఉప్పు తిన్న రెండు భాగాల్లో గాయిటర్ సగానికి పైగా తగ్గింది, మూడో భాగంలో అలాగే ఉంది. అప్పుడు ఆ మూడో భాగానికీ అయోడిన్ ఉప్పు పంపారు. అక్కడా తగ్గింది. 1962లో దేశంలో మొదలైన జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమానికి పునాది ఈ లోయలోనే పడింది. ఇప్పుడు మనం కొనే దాదాపు ప్రతి ఉప్పు ప్యాకెట్టు మీదా 'అయొడైజ్డ్' అని ఉంటుంది. దాని వెనక ఒక తెలుగు డాక్టరు ఉన్నాడని మన పాఠ్యపుస్తకాల్లో పిల్లలకు చెబితే ఎంత బాగుంటుంది!

ఉప్పునే ఎందుకు ఎంచుకున్నారంటే, ధనికుడైనా పేదవాడైనా తినేది ఇంచుమించు అంతే. బ్రిటిష్‌వాళ్లు ఉప్పు మీద పన్ను వేసిందీ ఈ కారణంగానే. ఎవరూ తప్పించుకోలేరు కాబట్టి, సంపాదనతో పోలిస్తే పేదవాడి మీదే ఎక్కువ భారం పడేది. 1930లో గాంధీజీ దాన్నే పోరాటానికి గుర్తుగా ఎంచుకున్నారు. పన్నుగా పేదవాడి నడ్డి విరిచిన ఆ లక్షణమే ఆరోగ్య విధానానికి వరమవుతుంది. సలహా చేరని ఇంటికి కూడా ఉప్పు చేరుతుంది.

ఇక రక్తపోటు సంగతి. ఉప్పు బరువులో 40 శాతం సోడియం. రక్తంలో సోడియం గాఢత మారకుండా శరీరం గట్టిగా కాపలా కాస్తుంది. ఉప్పు ఎక్కువైతే దాన్ని పలచబరచడానికి నీటిని ఆపుకుంటుంది. దాహం వేస్తుంది, రక్తం పరిమాణం పెరుగుతుంది. అదనపు సోడియాన్ని మూత్రంలోకి నెట్టడానికి మూత్రపిండాలకు ఎక్కువ ఒత్తిడి కావాల్సి వస్తుంది. ఇది ఏళ్ల తరబడి రోజూ జరిగితే రక్తనాళాల గోడలు బిరుసెక్కుతాయి, బీపీ పైనే స్థిరపడిపోతుంది. వయసు పెరిగితే బీపీ పెరగడం సహజమని మనం అనుకుంటాం. 1988లో 32 దేశాల్లో జరిగిన 'ఇంటర్‌సాల్ట్' అధ్యయనంలో అమెజాన్ అడవుల్లోని యానోమామి తెగవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లు ఉప్పు దాదాపు తినరు. వాళ్లలో వయసు పైబడినా బీపీ పెరగలేదు.

రోజుకు 5 గ్రాముల లోపు, అంటే ఒక చెంచా కూడా నిండని ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. భారతీయులు తినేది ఇంచుమించు దానికి రెట్టింపు. మరీ తక్కువ తింటే కూడా మంచిది కాదని కొందరు శాస్త్రవేత్తలు వాదిస్తున్నారు, ఆ చర్చ సాగుతోంది. కానీ అది ఉప్పు బాగా తక్కువ తినేవాళ్ల గురించి. మనం తినేది దానికంటే ఎక్కువ.

అయితే ఉప్పు కథలో సగాన్నే అందరూ చెబుతారు. రెండో సగం పొటాషియం. మూత్రపిండాల్లోని సన్నని గొట్టాల్లో సోడియాన్ని తిరిగి రక్తంలోకి లాక్కునే ద్వారాలుంటాయి. తిండిలో పొటాషియం తగినంత ఉంటే అందులో ఒక రకం ద్వారాలు మూసుకుంటాయి, సోడియం మూత్రంలో వెళ్లిపోతుంది. బీపీకి డాక్టర్లు రాసే థయజైడ్ రకం మూత్రం బిళ్ళలు మూసేదీ ఆ ద్వారాలనే. అంటే పొటాషియం ఉన్న తిండి దానంతటదే కొంత మందులా పనిచేస్తుంది. పొటాషియం తక్కువైతే తిన్న ఉప్పు లోపల ఎక్కువగా నిలుస్తుంది. అలాంటి మనిషికి అంతే ఉప్పు ఇంకా ఎక్కువ హాని చేస్తుంది.

పొటాషియం దేనిలో ఉంటుంది? పప్పుల్లో, ఆకుకూరల్లో, అరటిపండులో, బత్తాయిలో, కొబ్బరినీళ్లలో, పాలూ పెరుగుల్లో. బియ్యం తవుడులోనూ ఉంటుంది, కానీ మనం దాన్ని మిల్లులో తీసేసి తెల్లటి అన్నం తింటున్నాం. ఇప్పుడు రెండు కంచాలు పక్కపక్కన చూడండి. ఒక కంచంలో పప్పు, తోటకూర వేపుడు, చారు, గడ్డపెరుగు, తర్వాత ఒక పండు. రెండో కంచంలో పొద్దున చద్దన్నం, ఉల్లిపాయ, ఆవకాయ బద్ద. మధ్యాహ్నం పొలం గట్టున క్యారేజీలో అన్నం, పచ్చడి, లేకపోతే ఎండుచేపల పులుసు. కూర తక్కువైనప్పుడు ముద్ద దిగాలంటే ఉప్పూ కారమూ ఎక్కువుండాలి. ఇది నోటి చాపల్యం అనడం అన్యాయం. కూరగాయల ధర భరించలేని ఇంట్లో అన్నానికి రుచినిచ్చే అతి చవకైన దినుసు ఉప్పే. రెండు కంచాల్లో ఉప్పు ఒకటే అనుకున్నా, రెండోదాంట్లో దాని విరుగుడు లేదు. ఆరోగ్యంలో అసమానత అనే పెద్ద మాటకు ఇంతకంటే దగ్గరి రూపం నాకు కనిపించదు.

ఆ రెండో కంచం ముందు కూర్చున్న మనిషికి ఉప్పు తగ్గించుకో అని చెప్పడం నాకు మనస్కరించదు. మే నెలలో రెంటచింతల ఎండలో ఉపాధి పనికి వెళ్లి చెమటతో చొక్కా తడిసిన మనిషికి ఆ మాట క్రూరంగా వినిపిస్తుంది. ఊరగాయ మానేస్తే దాని బదులు ఏం తినాలో చెప్పలేని సలహాకు విలువ లేదు.

దేశాన్ని బట్టి మార్గం మారుతుంది. బ్రిటన్‌లో జనం తినే ఉప్పులో నాలుగింట మూడొంతులు బ్రెడ్డులో, కార్న్‌ఫ్లేక్స్‌లో, డబ్బా సూపుల్లో ముందే కలిసి వస్తుంది. అక్కడి ఆహార ప్రమాణాల సంస్థ 2003 నుంచి కంపెనీలతో కూర్చుని, ఒక్కో పదార్థంలో ఉప్పును ఏడాదికి కొంత చొప్పున తగ్గిస్తూ పోయింది. పదేళ్లలో బ్రెడ్డులో ఉప్పు ఐదో వంతు తగ్గింది, తినేవాళ్లు తేడా గుర్తుపట్టలేదు. ఒక మనిషి తినే ఉప్పు రోజుకు 9.5 గ్రాముల నుంచి 2011 నాటికి 8.1 గ్రాములకు దిగింది. అందరికీ మేలు జరిగింది, కానీ పేదలూ సంపన్నుల మధ్య ఉన్న దూరం అలాగే మిగిలిందని తర్వాతి పరిశీలనలు చెప్పాయి. దీన్ని దాచకూడదు. అందరినీ కిందికి దించే విధానం కనీసం తేడాను పెంచదు, కానీ అదొక్కటే తేడాను చెరిపేయదు కూడా.

మన దగ్గర ఉప్పు కంపెనీ చేతిలో లేదు, ఎక్కువభాగం వంటింటి డబ్బాలోంచీ ఊరగాయ జాడీలోంచీ వస్తుంది. ఐదు రూపాయల చిప్సు ప్యాకెట్టు పల్లె పల్లెకూ చేరింది గనక కంపెనీల మీదా నియమాలు కావాలి. కానీ అసలు పని ఆ డబ్బాలోని ఉప్పును మార్చడమే. ఉప్పులో నాలుగో వంతు సోడియం క్లోరైడ్ తీసి, ఆ మేరకు పొటాషియం క్లోరైడ్ కలిపితే రుచి ఇంచుమించు అలాగే ఉంటుంది. ఒకే దెబ్బతో సోడియం తగ్గి, లోటున్న పొటాషియం పెరుగుతుంది. రెండో కంచంలో లేని విరుగుడు ఉప్పులోనే వచ్చేస్తుంది.

ఇది ఊహ కాదు. ఉత్తర చైనాలోని ఐదు రాష్ట్రాల్లో 600 పల్లెల్ని తీసుకుని, సగం ఊళ్లకు ఈ ఉప్పును ఉచితంగా ఇచ్చారు, మిగతా సగం తమ మామూలు ఉప్పే వాడుకున్నాయి. ఇందులో 20,995 మంది పాల్గొన్నారు. వాళ్లందరికీ అంతకుముందే పక్షవాతం వచ్చి ఉంది, లేదా వయసు 60 దాటి బీపీ ఉంది. దాదాపు ఐదేళ్లు చూశాక 2021లో ఫలితం వచ్చింది: మార్చిన ఉప్పు తిన్న ఊళ్లలో పక్షవాతాలు 14 శాతం, మరణాలు 12 శాతం తక్కువ. ఆస్పత్రి గడప తొక్కకుండా, కొత్త అలవాటేదీ నేర్చుకోకుండా ఇంత తేడా వచ్చింది. పెరూ దేశంలోని తుంబెస్ ప్రాంతంలో ఆరు ఊళ్లలో ఇంకో అడుగు ముందుకేశారు. ఇళ్లతో పాటు దుకాణాల్లో, బేకరీల్లో, చిన్న హోటళ్లలో కూడా ఉప్పు మార్చేశారు. సగటు బీపీ తగ్గింది ఒకటీ ఒకటిన్నర పాయింట్ల మధ్యే. కానీ అప్పటివరకూ బీపీ లేనివాళ్లలో కొత్తగా బీపీ రావడం సగానికి పడిపోయింది. రోజ్ కాగితం మీద చెప్పినదాన్ని ఆ ఊళ్లు చేసి చూపించాయి.

మన దగ్గరా ఒక ప్రయోగం జరిగింది. తెలంగాణలో సిద్దిపేట ప్రాంతంలోని ఏడు ఊళ్లలో బీపీ ఉన్న 502 మందిని తీసుకుని, సగం మందికి మామూలు ఉప్పు, సగం మందికి 30 శాతం పొటాషియం క్లోరైడ్ కలిపిన ఉప్పు ఇచ్చారు. ఎవరికి ఏది అందిందో తిన్నవాళ్లకూ తెలియదు, బీపీ చూసినవాళ్లకూ తెలియదు. మూడు నెలలకు రెండో గుంపులో పై బీపీ సగటున 4.6 పాయింట్లు ఎక్కువ తగ్గింది. మన వంటలో, మన పచ్చళ్లలో, మన అన్నంతో ఇది పనిచేస్తుందనడానికి అంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

అయితే ఇక్కడ ఒక గట్టి హెచ్చరిక ఉంది, దాన్ని రామలింగస్వామి సొంత జిల్లాయే మనకు చెబుతుంది. శ్రీకాకుళం తీరంలో కవిటి, సోంపేట, కంచిలి మండలాల చుట్టూ ఉన్న ఉద్దానంలో, కొబ్బరి, జీడి తోటల మధ్య, మూత్రపిండాల జబ్బు ఇల్లిల్లూ తిరుగుతోంది. అసలు కారణం ఇప్పటికీ తేలలేదు. అక్కడ చదువురాని ముసలమ్మ కూడా, మూత్రపిండాల పనితీరు తెలిపే రక్తపరీక్ష గురించి, 'క్రియాటినిన్ ఎంతుంది?' అని అడుగుతుంది. దెబ్బతిన్న మూత్రపిండాలు పొటాషియాన్ని బయటికి పంపలేవు. అది రక్తంలో పేరుకుంటే గుండె లయ తప్పి ప్రాణం పోవచ్చు. ఆరోగ్యవంతుడికి మేలు చేసే ఉప్పే అక్కడ ఒక రోగికి విషం కావచ్చు. టెల్మిసార్టాన్ లాంటి కొన్ని బీపీ మందులు కూడా పొటాషియాన్ని కొంత పెంచుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 జనవరిలో ఇంటి వాడకానికి ఇలాంటి ఉప్పును పెద్దలకు సిఫారసు చేస్తూ, గర్భిణులనూ పిల్లలనూ మూత్రపిండాల జబ్బున్నవాళ్లనూ మినహాయించింది. కాబట్టి ఉద్దానానికి మిగతా జిల్లాలతో కలిపి ఒకే ఉత్తర్వు ఇవ్వకూడదు. అలాగే మధ్యాహ్న భోజనంలో, హాస్టళ్లలో ఈ ఉప్పు వాడాలన్న తొందరా పనికిరాదు. పిల్లల వంటలో ఉన్న ఉప్పునే కొంచెం తగ్గించి, ఆకుకూరలూ పండ్లూ పెంచడం అక్కడ చేయాల్సిన పని.

మందుల వైపు కూడా పని జరుగుతోంది. 2017 నవంబరులో మొదలైన భారత రక్తపోటు నియంత్రణ కార్యక్రమానికి తొలి విడతలో ఎంచుకున్న ఐదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. డాక్టరుకొక మందు కాకుండా అందరికీ ఒకే సులువైన వరుస, ఒకేసారి నెలకు సరిపడా బిళ్ళలు, జిల్లా ఆస్పత్రి దాకా వెళ్లకుండా దగ్గర్లోని ఉపకేంద్రంలోనే ఇవ్వడం దాని పద్ధతి. బిళ్ళ కోసం ఒక రోజు కూలి పోగొట్టుకోవాల్సి వస్తే మూడో నెలకు మనిషి మందు మానేస్తాడు. ఈ చిన్న సంగతి తెలిసినవాళ్లు రూపొందించిన కార్యక్రమం అది.

వీటితో పోలిస్తే మనం గొప్పగా చెప్పుకునే పథకం మరో చివర ఉంది. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆరోగ్యశ్రీ ఎంతోమంది పేదలకు గుండె ఆపరేషను చేయించింది. దాని విలువను తక్కువ చేయను. అప్పుల పాలయ్యే కుటుంబాలను అది నిలబెట్టింది. కానీ అది పనిచేసేది గుండె దెబ్బతిన్న తర్వాత. పక్షవాతంతో ఒక చెయ్యి పడిపోయిన కూలీకి ఆ చెయ్యిని ఏ పథకమూ తిరిగి ఇవ్వలేదు.

మళ్లీ ఉప్పు సంగతికొస్తే, ధర దగ్గరే అసలు చిక్కుంది. తక్కువ సోడియం ఉప్పు మన సూపర్‌మార్కెట్లలో ఇప్పటికే దొరుకుతుంది, మామూలు ఉప్పు కంటే చాలా ఎక్కువ ధరకు. దాన్ని అలాగే వదిలేస్తే కొనేది మొదటి కంచం ముందు కూర్చున్నవాళ్లు మాత్రమే, ఇది కూడా తేడా పెంచే సలహాల జాబితాలో చేరుతుంది. చైనా ప్రయోగంలో కిలో మామూలు ఉప్పు 1.08 డాలర్లయితే, మార్చిన ఉప్పు 1.62 డాలర్లు. ఈ అదనపు ఖర్చు ప్రధానంగా పొటాషియం క్లోరైడ్‌ది. అది మన రైతుకు కొత్త కాదు. తినడానికి పనికొచ్చేలా శుద్ధి చేయకముందు అది పొలంలో చల్లే పొటాష్ ఎరువే. దేశంలో దొరకదు కాబట్టి బయటినుంచి తెప్పించుకుంటున్నాం, పంట కోసం ప్రభుత్వం దాని మీద రాయితీ కూడా ఇస్తోంది.

ఉప్పును ప్రభుత్వం ఇంటింటికీ చేర్చడమూ మనకు కొత్త కాదు. 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 'అమ్మహస్తం' పేరుతో రేషన్ డిపోల్లో 185 రూపాయలకు ఇచ్చిన తొమ్మిది సరుకుల్లో ఉప్పు ఉంది. నలుగురున్న ఇంటికి నెలకు కిలో ఉప్పు ఇంచుమించు సరిపోతుంది. ఒక్కసారిగా రాష్ట్రమంతటా మొదలుపెట్టాల్సిన పని లేదు. ఉపకేంద్రంలో నెలనెలా బీపీ బిళ్ళలు తీసుకునేవాళ్ల పేర్లు ఏఎన్ఎం దగ్గర ఎలాగూ ఉంటాయి. వాళ్లకూ ఇంట్లోవాళ్లకూ ఒకసారి క్రియాటినిన్, పొటాషియం పరీక్ష చేసి, మూత్రపిండాలు బాగున్నవాళ్ల ఇళ్లకు, పిల్లలూ గర్భిణులూ లేని ఇళ్లతో మొదలుపెట్టి, బిళ్ళలతో పాటు కిలో ఉప్పు ప్యాకెట్టు ఇవ్వాలి. అందులో అయోడిన్ తప్పకుండా ఉండాలి, కాంగ్రాలో సాధించింది పోగొట్టుకోకూడదు. ఆరు నెలలకోసారి పరీక్ష మళ్లీ చేయాలి. ఒకటి రెండు మండలాల్లో రెండేళ్లు చేసి, గోదావరి ఊళ్లలో చేసినట్టే ఇల్లిల్లూ తిరిగి పక్షవాతాలూ మరణాలూ లెక్క రాయాలి. ఆ లెక్క రాయగల ఆశా కార్యకర్తలు ఇప్పుడు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు.